మన సీమలోనూ వానలు పెరగలేదు కదా!

ప్రశ్న: సార్, మాది కళ్యాణదుర్గం దగ్గర పల్లె. అగ్రికల్చర్ బీఎస్సీ చదువుతున్నాను. ఆఫ్రికాలో ప్రతి ఐదుగురిలో ఒకరికి కడుపు నిండా తిండి లేదని చదివినప్పటి నుంచి మనసు బాగాలేదు. మా జేజి ‘వానలే పడని చోట ఇంకేం మారుతుందే’ అంటుంది. అక్కడ ఆకలి పోతుందా? నాలాంటి వాళ్లు చేయగలిగింది ఏమైనా ఉందా?
- ఓ పాఠకురాలు, అనంతపురం జిల్లా

జవాబు: పోతుందమ్మా, కానీ వానల కోసం ఎదురుచూస్తే మాత్రం కాదు. 1952 కరువులో మన సీమలో గంజి కేంద్రాలు పెట్టారు, మీ జేజికి ఆ సంగతులు తెలిసే ఉంటాయి. ఇప్పటికీ అనంతపురంలో ఏడాదికి పడేది సుమారు 550 మిల్లీమీటర్లే. మరి గంజి కోసం లైన్లో నిలబడే రోజులు ఎలా పోయాయి? 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది, 2006 ఫిబ్రవరి 2న మన నార్పల మండలం బండ్లపల్లిలోనే ఉపాధి హామీ మొదలైంది. పంట ఎండినా ఇంట్లో పొయ్యి వెలిగింది.

ఇథియోపియా కూడా 2005లో ఇలాంటి పథకమే పెట్టింది. గట్లు వేసి, కుంటలు తవ్విన వాళ్లకు ధాన్యమో డబ్బో ఇస్తారు, దాదాపు 80 లక్షల మంది దాని మీద ఆధారపడ్డారు. బుర్కినా ఫాసోలో యాకూబా సవడోగో అనే రైతు, గట్టిపడిపోయిన బీడులో ఎండాకాలమే గుంతలు తవ్వి పెంట ఎరువు వేసి, తొలకరి నీళ్లు వాటిలోనే నిలిచేలా చేసి, అక్కడ జొన్న, సజ్జ పండించాడు, చివరికి అడవినే పెంచాడు. పక్కనున్న నైజర్‌లో రైతులు చేలల్లో పాత చెట్ల మోళ్ల నుంచి మొలిచే చిగుళ్లను నరకకుండా కాపాడుకుని దాదాపు 50 లక్షల హెక్టార్లలో పచ్చదనం తెచ్చుకున్నారు.

ఇక బాధపడాల్సిన సంగతి. 2003లో మొజాంబిక్ రాజధాని మపుటోలో ఆఫ్రికా దేశాధినేతలు బడ్జెట్‌లో 10 శాతం వ్యవసాయానికి ఇస్తామన్నారు, ఆ మాట నిలబెట్టుకున్న దేశాలు కొన్నే. 2025 కల్లా ఆకలి లేకుండా చేస్తామని 2014లో ఈక్వటోరియల్ గినీలోని మలాబోలో అన్నారు. ఆ గడువూ దాటిపోయింది. ఐక్యరాజ్యసమితి లెక్క ప్రకారం 2024లో ఆఫ్రికాలో ఆకలితో ఉన్నవాళ్లు 30 కోట్లకు పైనే, సాగుభూమిలో నీటి వసతి ఉన్నది దాదాపు 6 శాతం. 2025 జనవరిలో ఉగాండా రాజధాని కంపాలాలో మళ్లీ 2035 దాకా కొత్త ప్రణాళిక ఒప్పుకున్నారు. డబ్బు కేటాయిస్తేనే దాన్ని నమ్మాలి.

అన్నిటికన్నా నాకు కోపం తెప్పించేది సూడాన్. నైలు నది నీళ్లున్నాయి, గెజీరాలో లక్షల ఎకరాలకు కాలువలున్నాయి. అయినా 2023 ఏప్రిల్‌లో మొదలైన యుద్ధం రైతుల్ని ఊళ్ల నుంచి తరిమేసింది, తిండి లారీలను దారిలో ఆపేసింది, 2024 ఆగస్టుకి డార్ఫర్ ప్రాంతంలో ఊళ్లు వదిలిన వాళ్లు తలదాచుకున్న జంజం శిబిరంలో కరువు వచ్చిందని నిపుణులు తేల్చారు. అక్కడి ఆకలికి వాన కారణం కాదు, తుపాకులు కారణం. ఈ మాట మీ జేజికి తప్పక చెప్పండి.

మీరు చేయగలిగింది ఉంది. పటాన్‌చెరులో 1972లో పెట్టిన మెట్ట పంటల అంతర్జాతీయ పరిశోధన సంస్థ ఇక్రిశాట్ పనిచేసేది జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగ మీదే, నైజర్‌లోనూ దానికి కేంద్రం ఉంది. మన ఎర్ర నేలల్లో బెట్టకు తట్టుకునే శనక్కాయ విత్తనం గురించి మీరు నేర్చుకునేది అక్కడి రైతుకూ పనికొస్తుంది. డిగ్రీ అయ్యాక పీజీలో మెట్ట పంటల బ్రీడింగ్ తీసుకోండి, ఈలోపు సెలవుల్లో మీ ఊరి చేలల్లో ఏ రకం ఎన్ని రోజుల బెట్టను ఓర్చుకుందో నోట్‌బుక్‌లో రాసిపెట్టుకోండి.