హరికేన్ వస్తే ఆర్‌వీలో ఉండిపోవచ్చా? ఎంత డబ్బు పక్కన పెట్టాలి?

ప్రశ్న: మేము ఫ్లోరిడాలో టాంపా దగ్గర ఉంటాం. 2024 అక్టోబరులో మిల్టన్ హరికేన్ వచ్చినప్పుడు హోటల్ దొరక్క పాపతో ఒక రాత్రంతా కారులోనే గడిపాం. ఆ భయంతో పోయినేడాది సెకండ్‌హ్యాండ్ ఆర్‌వీ, అంటే లోపలే ఉండటానికి వీలున్న మోటార్‌హోమ్ కొన్నాం. 42,000 డాలర్లు. లోన్ ఇంకా 27,000 ఉంది. ఈసారి తుఫాను వస్తే దాన్ని ఇంటి ముందే పెట్టుకుని అందులో ఉందాం, ఇల్లూ కనిపెట్టుకున్నట్టు ఉంటుంది అంటున్నారు మావారు. ఇన్సూరెన్సులు భారంగా ఉన్నాయి, ఆర్‌వీది తగ్గించుకోవచ్చా? మేం హెచ్‌1బీ మీద ఉన్నాం, పాప ఇక్కడే పుట్టింది. అసలు ఎంత డబ్బు దగ్గర ఉంచుకోవాలి?

జవాబు: ముందు మీవారి సంగతి తేల్చేద్దాం అమ్మా. ఆర్‌వీలో ఉండి తుఫానును గడపడం కుదరదు. పలుచటి గోడలు, ఎత్తైన పెట్టె, కింద చక్రాలు. గాలికి పడిపోవడానికి ఇంతకన్నా అనువైనది లేదు. అందుకే మీ వైపు కౌంటీలు ఆర్‌వీల్లో, మొబైల్ హోముల్లో ఉండేవాళ్లను ఇల్లు ఏ ఉప్పెన జోన్‌లో ఉందన్నదానితో సంబంధం లేకుండా ఖాళీ చేయమంటాయి. ఇక నీటి సంగతి. ఉప్పెన అంటే ఏమిటో 1977లో దివిసీమను చూసిన మనవాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. 2024 సెప్టెంబరులో వచ్చిన హెలీన్ హరికేన్ కన్ను టాంపాకు చాలా దూరంగా సముద్రంలోనే వెళ్లింది, అయినా టాంపా బే ఇళ్లలోకి నీళ్లు వచ్చాయి. మీ ఆర్‌వీ ముందే ఊరు దాటించడానికి పనికొస్తుంది. తుఫానులో తలదాచుకోవడానికి పనికిరాదు.

ఇన్సూరెన్స్ తగ్గించడం మీ చేతిలో లేదు. లోన్ ఉన్నంతకాలం కాంప్రెహెన్సివ్, కొలిజన్ (బండి ఢీకొంటే వచ్చే కవరేజి) రెండూ ఉండాలని లోన్ ఇచ్చినవాళ్లు పట్టుబడతారు. గాలికి చెట్టు పడ్డా, వరద నీళ్లు ఇంజిన్‌లోకి వెళ్లినా డబ్బు వచ్చేది ఆ కాంప్రెహెన్సివ్ నుంచే. ఇంటి పాలసీ మోటార్‌హోమ్‌కు పైసా ఇవ్వదు. మీరు చూడాల్సింది వేరే ఉంది. బండి పూర్తిగా పోతే కంపెనీ ఇచ్చేది ఆనాటి మార్కెట్ ధరా, ముందే ఒప్పుకున్న ధరా? మార్కెట్ ధర అయితే, అది 22,000 అని లెక్కగట్టిన రోజున మిగతా 5,000 లోన్ మీరే కట్టాలి, పైగా డిడక్టిబుల్ (నష్టంలో ముందుగా మన జేబులోంచి పోయే భాగం) కూడా మీదే. లోపలి సామానుకు కవరేజి ఎంతవరకో కూడా ఏజెంటును అడగండి.

అసలు దెబ్బ ఇంటి పాలసీలో ఉంటుంది. పాలసీ ముఖ్య వివరాలుండే డిక్లరేషన్ పేజీ తీసి 'హరికేన్ డిడక్టిబుల్' అన్న వరుస వెతకండి. చాలామందికి అక్కడ 2% అని ఉంటుంది. అది నష్టంలో రెండు శాతం అనుకుంటారు, కాదు. ఇంటికి తీసుకున్న మొత్తం కవరేజిలో రెండు శాతం. కవరేజి 4,00,000 డాలర్లయితే మొదటి 8,000 మీ జేబులోంచే పోతాయి. పైకప్పుకు 12,000 నష్టం జరిగితే కంపెనీ ఇచ్చేది 4,000. కొన్ని పాలసీల్లో 5%, 10% కూడా ఉంటుంది. ప్రీమియం తగ్గుతుందని ఎవరో చెబితే సంతకం పెట్టేసి ఉంటారు, చూసుకోండి.

వరద ఈ పాలసీలో ఉండదు. దానికి ఫ్లడ్ పాలసీ వేరే. ప్రభుత్వ పథకంలో ఇంటికి 2,50,000, సామానుకు 1,00,000 డాలర్ల దాకా ఇస్తారు, కానీ సామానుకు విడిగా అడిగి తీసుకోవాలి. తీసుకున్నాక మామూలుగా 30 రోజులు గడిస్తేనే అమల్లోకి వస్తుంది. సీజన్ జూన్ 1 నుంచి నవంబరు 30 వరకు. టీవీలో తుఫాను బొమ్మ గుండ్రంగా తిరగడం మొదలయ్యాక ఏ కంపెనీ కొత్త పాలసీ రాయదు, ఉన్నదాన్ని మార్చదు. అందుకని ఈ పని ఈ వారమే.

ఇప్పుడు బయల్దేరే ఖర్చు. టాంపా నుంచి అట్లాంటా సుమారు 450 మైళ్లు. మీలాంటి బండి గ్యాలనుకు 10 మైళ్లు ఇచ్చినా రానుపోను 90 గ్యాలన్లు. ట్రాఫిక్‌లో ఆగి ఆగి పోవడం, జనరేటర్ కలిపి 110 అనుకోండి. గ్యాలన్ 3.50 చొప్పున 385 డాలర్లు. క్యాంప్‌గ్రౌండ్ రోజుకు 60 చొప్పున ఐదు రాత్రులకు 300. తిండి, ఇతరాలు కలిపి 1,000 దాటకపోవచ్చు. అయితే ఉత్తరానికి వెళ్తే చాలని అనుకోకండి. హెలీన్ జార్జియాలో వాల్డోస్టా, ఆగస్టాలను కూడా కొట్టింది, నార్త్ కరోలినా కొండల్లో ఏటి ఒడ్డున ఉన్న క్యాంప్‌గ్రౌండ్లూ మునిగాయి. తుఫాను దారి చూసుకుని, ఏటికి దూరంగా ఉన్న చోటే బుక్ చేయండి. హరికేన్ వాచ్ అంటే గాలులు మొదలవడానికి సుమారు 48 గంటల ముందు చేసే ప్రకటన, వార్నింగ్ అంటే 36 గంటల ముందు. వాచ్ రాగానే కదిలితే రోడ్డు మీద రద్దీకి ముందే వెళ్లిపోతారు. వార్నింగ్ దాకా ఆగితే ఐ-75 మీద పెట్రోలు బంకుల దగ్గర 'లేదు' అన్న బోర్డులు చూసుకుంటూ పోవాలి.

సెకండ్‌హ్యాండ్ బండి కాబట్టి ఇంకొక పని. టైరు పక్కగోడ మీద డాట్ అనే అక్షరాల చివర నాలుగంకెలు ఉంటాయి. 3218 అని ఉంటే ఆ టైరు 2018లో 32వ వారంలో తయారైంది. గాట్లు బాగా కనిపించినా ఆరేళ్లు దాటినవైతే మార్చుకోండి. వేసవి ఎండలో, నిండు బరువుతో, పిల్లతో హైవే మీద టైరు పేలితే ఆ టెన్షన్ ముందు టైర్ల ఖర్చు ఎంత.

ఇక మీ లెక్క: ఇంటి డిడక్టిబుల్ 8,000, ఆర్‌వీ డిడక్టిబుల్ 1,000 అనుకుందాం, ప్రయాణానికి కాస్త ఎక్కువే వేసుకుని 1,500. ఫ్లడ్ పాలసీ తీసుకుంటే ఇంటికి వేరే, సామానుకు వేరే డిడక్టిబుల్ కలపండి. 10,500 అన్నది కనీస మొత్తం. ఇది సేవింగ్స్ ఖాతాలో ఉండాలి. షేర్లలో, 401కే అనే రిటైర్మెంట్ ఖాతాలో, హైదరాబాద్ ఎఫ్‌డీలో ఉన్న డబ్బు ఆ వారంలో చేతికి వస్తుందన్న నమ్మకం లేదు. ఇంకొక 500 డాలర్లు చిన్న నోట్లుగా ఇంట్లో పెట్టండి. కరెంటు పోతే కార్డు మెషీన్లు, ఏటీఎంలు పనిచేయవు.

మీ వీసా సంగతి ఇక్కడ ముఖ్యం. ఫీమా (విపత్తుల్లో సాయం చేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) ఇచ్చే నగదు సాయం హెచ్‌1బీ వాళ్ల పేరు మీద రాదు. అయితే పాప అమెరికా పౌరురాలు కాబట్టి, ఆమె తరఫున మీరు దరఖాస్తు చేయవచ్చు. పాప సోషల్ సెక్యూరిటీ నంబరు, బర్త్ సర్టిఫికెట్ దగ్గర పెట్టుకోండి. మీ పాస్‌పోర్టులు, హెచ్‌1బీ ఆమోదం తెలిపే ఐ-797 కాగితాలు జిప్ కవరులో వేసి ఒంటి మీద సంచిలో పెట్టుకోండి, ఆర్‌వీ అరలో కాదు. పాస్‌పోర్టు పోతే ఫ్లోరిడావాళ్లు వచ్చేది అట్లాంటాలోని భారత కాన్సులేట్ పరిధిలోకే.

బండి తీసుకెళ్లడం కుదరని పక్షంలో దాన్ని ఉప్పెన జోన్‌కు బయట ఎత్తైన చోట వదిలేయండి. పందిరి మడిచి, పక్కకు జరిగే గదులు లోపలికి లాగి, గ్యాస్ వాల్వు కట్టేసి, బయటి కరెంటు వైరు తీసేసి. దాని కోసం మాత్రం వెనక్కి రావద్దు. అది ఇన్సూరెన్స్‌వాళ్ల వస్తువు అనుకోండి.

తిరిగొచ్చాక తలుపు తట్టి 'రూఫ్ ఫ్రీగా చేస్తాం, ఇక్కడ సంతకం పెట్టండి' అనేవాళ్లు వస్తారు. పెట్టకండి. ముందు క్లెయిమ్ నంబరు తీసుకుని, టార్పాలిన్ కప్పి, దాని బిల్లు దాచండి.

ఇవాళే ఒక పని చేయండి. ఇంట్లో గది గదికీ, ఆర్‌వీ లోపల అర అరకూ, ఓడోమీటరుకూ వీడియో తీసి ఇండియాలో ఉన్న మీ అన్నయ్యకో అక్కకో వాట్సాప్‌లో పంపండి. మీ ఫోన్ నీళ్లలో పడ్డా క్లెయిమ్ రోజున వాళ్ల దగ్గర ఉంటుంది.