ముందు భుజం, తర్వాతే మందు

మల్లేశ్వరం, బెంగళూరు

చిన్నా,

నువ్వు .375 హెచ్ అండ్ హెచ్ (హాలండ్ అండ్ హాలండ్) తూటా కాల్చే పెద్ద వేట రైఫిల్ కొన్నావనీ, తూటాలు ఇంట్లోనే నింపుకుంటావనీ మీ అమ్మ సగం భయంతో, సగం గర్వంతో చెప్పింది. నాకూ అలాగే ఉంది. ఇక్కడ 1972 వన్యప్రాణి చట్టం కింద వేట నిషేధం. లైసెన్సు లేకుండా తూటా తయారుచేస్తే ఆయుధ చట్టం కింద నేరం. అమెరికాలో, మోంటానాలో నీకు దారి ఉంది కాబట్టి, చేసేదేదో సరిగ్గా చెయ్యి.

వంద గజాల దగ్గర గుళ్ళు మూడంగుళాల మేర చెదిరి గుంపుగా పడుతున్నాయనీ, తూటాలో నింపే మందు (గన్‌పౌడర్) మారిస్తే ఆ గుంపు దగ్గరకొస్తుందనీ రాశావు. అది చదివాకే దిగులు పట్టుకుంది. మందు జోలికి ఇప్పుడే పోకురా. ముందు స్కోపు స్క్రూలు, స్టాక్ (కర్ర పిడి) బిగించే స్క్రూలు, బిగింపు కొలిచే టార్క్ రెంచితో చూసుకో. కాల్చినప్పుడు ఇంతగా వెనక్కి తన్నే రైఫిల్లో అవి వదులవుతాయి. స్కోపు నీ కంటికి మూడున్నర అంగుళాలకు తగ్గకుండా ఉండాలి. పడుకుని కాల్చినా, ఎగువకి గురిపెట్టినా కన్ను దానికి ఇంకా దగ్గరవుతుంది. కనుబొమ్మ చీలేది అప్పుడే.

అవన్నీ సరిగ్గా ఉన్నా గుంపు చెదిరిందంటే, చాలాసార్లు తప్పు తూటాది కాదు, ఉలికిపాటుది. తూటా కొనన 300 గ్రెయిన్ల (సుమారు 19 గ్రాముల) బుల్లెట్‌తో ఈ రైఫిల్ తన్నే తన్ను మామూలు .308 రైఫిల్‌కి రెండింతల పైనే. ట్రిగ్గర్ తెగకముందే ఒళ్ళు ఆ దెబ్బ కోసం బిగుసుకుంటుంది. కన్ను మూసుకుపోతుంది, భుజం ముందుకి తోస్తుంది, గొట్టం మూతి కిందికి దిగుతుంది. మోతలో, కుదుపులో అదేదీ నీకు తెలియదు. తెలియకే బుల్లెట్ మారుస్తావు, మందు మారుస్తావు, మందుని అంటించే ప్రైమర్ మారుస్తావు. ఒకరోజు అనుకోకుండా మూడు దగ్గరగా పడితే అదే మంచి లోడు అనుకుంటావు. మర్నాడు మళ్ళీ మూడంగుళాలు. డబ్బాలు ఖాళీ అవుతాయి, భుజం కమిలిపోతుంది, ఉలికిపాటు ముదురుతుంది. చేయి తిరిగినవాళ్ళు కూడా నెలలు పోగొట్టుకునేది ఇక్కడే.

పరీక్ష తేలిక. నువ్వు చూడకుండా స్నేహితుడు ఒకసారి అసలు తూటా, ఒకసారి డొల్ల (పేలని) తూటా పెట్టి ఇవ్వాలి. డొల్ల పడ్డప్పుడు గొట్టం మూతి మునిగితే రోగం తెలిసినట్టే. దానికి వైద్యం కూడా తెలిసిందే: రోజూ ఇరవైసార్లు ఖాళీ రైఫిల్‌తో ట్రిగ్గర్ సాధన, మధ్యలో తన్ను లేని చిన్న .22 రైఫిల్‌తో కాల్చడం, చెవుల్లో ప్లగ్గులు, వాటిపైన చెవులు మూసే మఫ్స్. బల్ల దగ్గర ఒంగి కూర్చోకు, వెన్ను నిటారుగా పెట్టు. రైఫిల్ ఆనించే సంచి దాని ముందు కర్ర కింద ఉండాలి, గొట్టం కింద కాదు. రోజుకి పది పన్నెండు తూటాలు దాటకు. మూడేసి కాల్చి గొట్టం చల్లారనివ్వు. మొండితనానికి చిన్నప్పటినుంచీ నీకు పేరే, ఈ ఒక్కచోట అది పనికిరాదు నాన్నా.

ఇక తూటాలు నింపే బల్ల. దాని మీద ఒక్క మందు డబ్బానే ఉండాలి. పని అయ్యాక మిగిలింది అదే డబ్బాలో పోసెయ్. గ్రెయిన్ అంటే 0.065 గ్రాము. అవెన్యూ రోడ్డు నగల కొట్లలో తక్కెడని గాజు పెట్టెలో ఎందుకు పెడతారో తెలుసుగా, నువ్వూ ఫ్యాన్ కట్టేసి తూచు. తూటాలు నింపే మాన్యువల్లోని కనీస మోతాదుతో మొదలెట్టి అర గ్రెయిను చొప్పున పెంచు. తన్ను తగ్గుతుందని ఆ కనీసం కంటే దిగకు. పెద్ద కేసులో (తూటా ఇత్తడి తొడుగులో) నిదానంగా కాలే మందు తక్కువైతే ఒత్తిడి ఎటు పోతుందో చెప్పలేం, రైఫిలే పగలొచ్చు. బోల్టు ఎత్తడం బిగిసిందా, అక్కడే ఆపు. మిగతావి కాల్చకు, విప్పెయ్.

1912లో వచ్చిన ఈ తూటాకి అడుగున బెల్టు, అంటే చుట్టూ ఉబ్బెత్తు పట్టీ, ఉంటుంది. కాల్చిన కేసుని మళ్ళీ కొలతకి తెచ్చే సైజింగ్ డై మరీ కిందకి తిప్పితే ప్రతిసారీ కేసు భుజం (మెడ కింద వాలు) వెనక్కిపోయి, బెల్టుకి కాస్త పైన గోడ పలచబడి, చివరికి అక్కడే తెగుతుంది. భుజాన్ని అంగుళంలో వెయ్యోవంతులు రెండు వెనక్కి నెట్టితే చాలు. వంచిన సన్నతీగ లోపల పెట్టి గీకి చూడు, గాడి తగిలితే ఆ కేసు పారెయ్. మ్యాగజీన్‌లో ఉన్న తూటాలు ప్రతి తన్నుకీ ముందు గోడకి గుద్దుకుని బుల్లెట్ లోపలికి దిగుతుంది. అందుకే కేసు అంచుని బుల్లెట్ గాడిలోకి నొక్కి బిగించు, దాన్నే క్రింప్ అంటారు. అది సమంగా పడాలంటే కేసులన్నీ 2.840 అంగుళాలకి కత్తిరించుకో. రెండు కాల్చాక లోపల మిగిలినదాన్ని తీసి కొలువు, పొడవు తగ్గకూడదు.

ఎల్క్ (పెద్ద జింక) వేటకి అంగుళమున్నర గుంపు దండిగా చాలు. అంతకన్నా బిగించాలని సీజనంతా బల్ల దగ్గరే గడపకు.

ముందు ఆ డొల్ల తూటా పరీక్ష వీడియో తీసి పంపు. మూతి కదలకపోతే అమ్మకి నేనే ఫోన్ చేసి ధైర్యం చెప్తాను.

— మామయ్య