క్యాన్సర్ రోగి రక్తంలో జింక్ తక్కువ, కాపర్ ఎక్కువ వస్తే మాత్రలు వేయాలా?

మీ అమ్మగారికి రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయ్యాక చేయించిన ల్యాబ్ ప్యాకేజీలో జింక్ తక్కువగా, కాపర్ ఎక్కువగా వచ్చాయని, జింక్, సెలీనియం మాత్రలు మొదలుపెట్టాలా అని అడిగారు. కీమో ఇస్తున్న డాక్టరుకు చూపించకుండా ఒక్క మాత్ర కూడా వద్దు.

మీలాగే మాదీ విజయనగరమే. నాన్నగారి పెద్దపేగు క్యాన్సర్‌కు విశాఖలో వైద్యం చేయిస్తున్నప్పుడు ఇలాంటి రిపోర్టే మా చేతికి వచ్చింది. అందులోని ఎర్ర అంకెలు చూసి పెదనాన్న అప్పటికప్పుడే మందుల షాపుకు బయలుదేరారు. డాక్టరు మాత్రం ముందుగా అల్బుమిన్ (రక్తంలోని ఒక ప్రోటీన్), సీఆర్‌పీ (ఇన్‌ఫ్లమేషన్, అంటే ఒంట్లో వాపు, ఎంతుందో చూపే పరీక్ష) ఎంతున్నాయని అడిగారు. రక్తంలోని జింక్ చాలావరకు అల్బుమిన్‌ను పట్టుకుని తిరుగుతుందట. కణితి, ఆపరేషన్ గాయం, ఇన్‌ఫెక్షన్ ఏదైనా సరే, ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్ రేగితే అల్బుమిన్ తగ్గుతుంది, జింక్ కాలేయంలోకి చేరుతుంది. అదే కాలేయం సెరులోప్లాస్మిన్ అనే ప్రోటీన్‌ను ఎక్కువగా తయారుచేస్తుంది. రక్తంలోని రాగిలో అధిక భాగం అందులోనే ఉంటుంది కనుక కాపర్ అంకె పెరుగుతుంది. క్యాన్సర్ రోగుల్లో కాపర్, జింక్ నిష్పత్తి పెరిగినట్టు అధ్యయనాలు చాలానే చూపాయి. కానీ జబ్బు తెచ్చిన మార్పును జబ్బుకు కారణమని అనుకోకూడదు. నాన్నగారికి కీమో పూర్తయి, తిండి సరిగా తినడం మొదలయ్యాక ఆ అంకెలు మాత్రలేమీ లేకుండానే దారికి వచ్చాయి.

ఇంకో సంగతి: ఈ పరీక్షకు లోహాల కల్తీ లేని ప్రత్యేకమైన ట్యూబులో రక్తం తీయాలి. మామూలు ట్యూబు రబ్బరు మూత నుంచి కూడా జింక్ కలవవచ్చు. ఇంటికొచ్చి రక్తం తీసుకెళ్లే ప్యాకేజీల్లో ఆ శ్రద్ధ ఎంత ఉంటుందో నాకు అనుమానమే.

సెలీనియం క్యాన్సర్‌ను తగ్గిస్తుందన్న ఆశలు పుట్టించింది 1996లో వచ్చిన ఒక అమెరికా అధ్యయనం. ఆ తర్వాత 35 వేల మందికి పైగా పురుషులతో సెలెక్ట్ అనే పెద్ద పరీక్ష జరిపారు. రోజుకు 200 మైక్రోగ్రాముల సెలీనియం ఇచ్చినా ప్రోస్టేట్ క్యాన్సర్ తగ్గలేదు, 2008లో మాత్రలు ఆపేశారు. అదే పరీక్షలో విటమిన్ ఇ ఒక్కటే వేసుకున్నవారిలో ఆ క్యాన్సర్ 17 శాతం ఎక్కువగా వచ్చిందని 2011లో తేలింది. జింక్‌దీ అదే తీరు. ఎక్కువ మోతాదులో నెలల తరబడి వాడితే పేగు రాగిని సరిగా పీల్చుకోదు, రక్తహీనత రావచ్చు, తెల్లకణాలు పడిపోవచ్చు. కీమోలో ఎలాగూ పడిపోయేవి అవే కదా, కారణం మాత్ర అని ఎవరికి తడుతుంది?

గరివిడి దగ్గర మాంగనీసు గనుల వల్ల క్యాన్సర్ వచ్చిందా అని కూడా అడిగారు. క్యాన్సర్ తెస్తాయని తేలిన లోహాల జాబితాలో ఆర్సెనిక్, కాడ్మియం, ఆరు వేలెన్సీ క్రోమియం (ఆ లోహపు విష రూపం), నికెల్ సమ్మేళనాలు ఉన్నాయి, మాంగనీసు లేదు. దాని ధూళి ఏళ్ల తరబడి పీలిస్తే దెబ్బ ప్రధానంగా నరాల వ్యవస్థ మీద పడుతుంది. నీటి మీద అనుమానముంటే బోరు నీటినే పరీక్ష చేయించండి. ఆర్సెనిక్ రక్తంలో ఎక్కువసేపు నిలవదు, పాత సంగతులు రక్తం రిపోర్టు చెప్పదు.

ప్రస్తుతానికి గుడ్డు, చేప, పప్పులు, నువ్వులు, ఆమె తినగలిగినంత పెట్టండి. బలానికని ఇప్పటికే మల్టీవిటమిన్ ఏదైనా వేస్తుంటే, ఆ సీసాను ఈసారి ఆసుపత్రికి తీసుకెళ్లి డాక్టరుకు చూపించండి. జింక్ చాలా వాటిలో ముందే ఉంటుంది.