ఆ పాత కంప్యూటర్ స్విచ్ కట్టేయకండి

ప్రశ్న: మాది ఖమ్మం. ఎరువులు, పురుగుమందుల దుకాణం నడుపుతున్నాను. మా అబ్బాయి బీటెక్ సీఎస్ఈ మూడో ఏడాది. ఏడాది క్రితం ఒక సెకండ్ హ్యాండ్ కంప్యూటర్ తెచ్చి బీరువా పక్కన పెట్టాడు. ప్రాక్స్‌మాక్స్, నెక్స్ట్‌క్లౌడ్, పై-హోల్ అంటూ ఏవేవో ఫ్రీ సాఫ్ట్‌వేర్లు వేసుకుంటూ రాత్రి ఒంటిగంట దాకా నల్ల స్క్రీన్ ముందే ఉంటాడు. వాళ్లమ్మ ఫోన్‌లోని ఫొటోలన్నీ అందులోకే వెళ్తున్నాయట. కరెంటు దండగని రాత్రిళ్లు నేనే స్విచ్ కట్టేస్తుంటే ఇంట్లో రోజూ గొడవ. వాడి స్నేహితులు అమీర్‌పేటలో క్లౌడ్, డెవాప్స్ కోర్సులో చేరారు. ఫీజు 65 వేలు, గడువు నెలాఖరు. వీడు చేరనంటున్నాడు. ఊరికే దొరికే వాటితో ఉద్యోగం వస్తుందా? క్లౌడ్ కోర్సు మేలా, ఈ సర్వర్ల పని మేలా? రెండూ పోల్చి చెప్పండి.

జవాబు: పోల్చి చెప్తాను. ముందు ఆ స్విచ్ సంగతి.

ఆ కంప్యూటర్ ఇప్పుడు సర్వర్, అంటే మిగతా ఫోన్లకీ కంప్యూటర్లకీ పనిచేసిపెట్టే యంత్రం. నడుస్తున్న సర్వర్‌కి గోడ దగ్గర కరెంటు తీసేయడమంటే, గుమాస్తా పద్దు రాస్తుండగా చేతిలోంచి పుస్తకం లాగేయడమే. రాస్తున్న వరుస సగంలో ఆగిపోతుంది. మీ ఇంటావిడ ఫొటోల వివరాలన్నీ లోపల ఒక డేటాబేస్‌లో ఉంటాయి. ఇలా ఆపిన ప్రతిసారీ అది తేరుకుంటుందన్న భరోసా లేదు. ఏడాదిగా ఇన్ని దెబ్బలు తిని కూడా అది నడుస్తోందంటే, మీరు పడుకున్నాక మీ అబ్బాయి లేచి సరిచేసుకుంటున్నాడన్నమాట. ఆ ఒంటిగంట దాకా మెలకువలో మీ వంతు కూడా ఉంది.

కటువుగా ఉంటుంది, ఏమీ అనుకోకండి. కరెంటు దండగ అన్నారు, ఎంత అవుతుందో లెక్క వేశారా? ఆ పాత డెస్క్‌టాప్ 60 వాట్లు తాగుతుందనుకుందాం. నెలంతా రాత్రీ పగలూ నడిచినా 43 యూనిట్లు. అదీ ఎక్కువే అనిపిస్తే దారి ఉంది. ఆఫీసుల వాళ్లు మార్చేసిన చిన్న మినీ పీసీలు సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్ లాంటి చోట్ల సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతాయి. పెద్ద పని లేనప్పుడు అవి 10 నుంచి 15 వాట్లతో సరిపెట్టుకుంటాయి. నెలకి 7 నుంచి 11 యూనిట్లు. 65 వేల ఫీజుకి సిద్ధపడ్డ ఇంట్లో ఇది గొడవ పడాల్సిన ఖర్చు కాదు.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీ అసలు భయం కరెంటు గురించి కాదు, కోర్సు గురించీ కాదు. పక్కింటి పిల్లలు ముందుకు వెళ్లిపోతారేమో, మనవాడు ఈ పెట్టె ముందు కూర్చుని వెనకబడిపోతాడేమో అని. ఏటా ప్లేస్‌మెంట్ల ముందు ఇదే భయంతో తల్లిదండ్రులు నా దగ్గరికి వస్తారు. మీ అబ్బాయి వెనకబడలేదు. ఆ ధైర్యం ముందు తెచ్చుకోండి.

"ఊరికే దొరికేవి" అన్న మాట దగ్గరే చాలామంది పెద్దవాళ్లు పొరబడతారు. మన లెక్కలో డబ్బు పెట్టనిదానికి విలువ ఉండదు. సర్వర్ల లోకం వేరు. విండోస్‌లా కంప్యూటర్‌ని నడిపే, 1991లో మొదలైన లైనక్స్, దాని మీద కట్టి 1993 నుంచి స్వచ్ఛందంగా పనిచేసేవాళ్లు నడుపుకొస్తున్న డెబియన్, విండోస్ కంప్యూటర్లూ లైనక్స్ సర్వర్లూ ఫైళ్లు పంచుకునేలా చేసే సాంబా, ఇవన్నీ ఉచితం. పెద్ద కంపెనీలు నడిచేదీ వీటి మీదే. వ్యాపార లెక్కలు చూసే, జీఎస్టీ బిల్లులు కూడా చేయగల ఈఆర్‌పీనెక్స్ట్ ముంబైలో పుట్టిన సాఫ్ట్‌వేరే, దాని సోర్స్ కోడ్ ఎవరైనా చూడవచ్చు. హైదరాబాద్‌లో స్వేచ్ఛ అనే సంస్థ ఈ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కోసమే ఏళ్లుగా ఇంజినీరింగ్ విద్యార్థులతో పనిచేస్తోంది. మీ వాడికి తోడు కావాలంటే అక్కడికి పంపండి.

ప్రాక్స్‌మాక్స్ సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. ఒకే యంత్రంలో పది కంప్యూటర్లున్నట్టు విడివిడిగా నడిపే సాఫ్ట్‌వేర్ అది. ఈ పనికి కంపెనీలు చాలాకాలం వీఎంవేర్ వాడేవి. 2023 నవంబర్‌లో బ్రాడ్‌కామ్ దాన్ని కొని, ఒకసారి డబ్బు కడితే శాశ్వతంగా వాడుకునే లైసెన్సుల అమ్మకం ఆపేసింది. ఖర్చు పెరిగిన సంస్థలు వేరే దారులు వెతికాయి, చాలామంది ప్రాక్స్‌మాక్స్ వైపు చూశారు. అలాగే 2024 జూన్ 30తో లైనక్స్‌లోనే ఒక రకమైన సెంట్‌ఓఎస్ 7కి సపోర్ట్ ఆగిపోయింది. దాని మీద నడుస్తున్న సర్వర్లను ఆల్మాలైనక్స్‌కో, రాకీ లైనక్స్‌కో మార్చే పని కంపెనీల నెత్తిన పడింది. అలాంటి పని తెలిసినవాడికే ఈ రంగంలో జీతం. మీ అబ్బాయి బీరువా పక్కన నేర్చుకుంటున్నది ఆ పనే.

ఇక ఆ కోర్సు. ఇక్కడ నా అనుమానాలు దాచుకోను. క్లౌడ్ అంటే ఇంటర్నెట్ ద్వారా అద్దెకి తీసుకునే సర్వర్లు. అది పనికిరాదని నేననను. దాన్ని ఇప్పుడు అమ్ముతున్న తీరు మీదే నా బాధ. మూడు నెలల్లో పదిహేను టూల్స్ పేర్లు బ్రోషర్‌లో ఉంటాయి. ఒక్కో టూల్‌కి వారం కూడా దక్కదు. లైనక్స్‌కి నాలుగు క్లాసులు. అసలు డెవాప్స్ ఉద్యోగమంటే కంపెనీ సర్వర్ల తాళాలు చేతికివ్వడం. నిన్నగాక మొన్న కాలేజీ దాటిన కుర్రాడికి ఆ తాళాలు ఇవ్వడానికి కంపెనీలు వెనకాడతాయి. అందుకే ఫ్రెషర్లకి ఆ పేరుతో ఉద్యోగాలు తక్కువ. ఈ నిజం ఫీజు కట్టేముందు ఎవరూ చెప్పరు. కోర్సు అయ్యాక కొన్నిచోట్ల "మూడేళ్ల అనుభవం ఉన్నట్టు రెజ్యూమె రాసిస్తాం" అంటారు. దొంగ అనుభవంతో చేరి, బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో దొరికి, ఏడుస్తూ వచ్చిన పిల్లలతో నేను గంటలు గంటలు కూర్చున్నాను. దయచేసి మీ వాడిని ఆ దారికి నెట్టకండి.

మొన్నామధ్య జరిగింది చెప్తాను. క్లౌడ్ సర్టిఫికెట్ ఉన్న ఒకబ్బాయి, పాలిటెక్నిక్ చదివిన ఇంకో అబ్బాయి ఒకే రోజు నా దగ్గరికి వచ్చారు. నా లాప్‌టాప్‌లో ఒక లైనక్స్ మెషీన్ తెరిచి, దాని డిస్క్ నిండిపోయేలా చేసి, "సర్వర్ ఆగిపోయింది, చూడు" అని ఇద్దరికీ విడివిడిగా ఇచ్చాను. మొదటి అబ్బాయి "డిస్క్ సైజు పెంచుతాను సార్" అన్నాడు. పెంచడానికి అక్కడ బటన్ లేదు. అక్కడే ఆగిపోయాడు. రెండో అబ్బాయి డీఎఫ్ అనే కమాండ్ కొట్టి ఏది నిండిందో చూశాడు. డీయూ అనే ఇంకో కమాండ్‌తో వెతికి, ప్రోగ్రామ్ తన పనులు రాసుకునే పెద్ద లాగ్ ఫైల్ పట్టుకుని తీసేశాడు. డీఎఫ్ మళ్లీ కొడితే ఇంకా 100 శాతమే చూపిస్తోంది. ఒక్క క్షణం ఆగి, "ఫైల్ పోయింది కానీ ప్రోగ్రామ్ దాన్ని ఇంకా పట్టుకునే ఉంది సార్" అంటూ ఎల్ఎస్‌ఓఎఫ్‌తో ఆ ప్రోగ్రామ్‌ని కనిపెట్టి రీస్టార్ట్ చేశాడు. జాగా ఖాళీ అయింది. ఎక్కడ నేర్చుకున్నావంటే, "మా ఇంట్లో సర్వర్ సంక్రాంతికి ఇలాగే ఆగిపోయింది, అక్క పెళ్లి ఫొటోలన్నీ అందులోనే ఉన్నాయి, రెండు రోజులు నిద్రపోలేదు" అన్నాడు.

అక్క పెళ్లి ఫొటోలు పోతాయన్న టెన్షన్ ఏ కోర్సులోనూ ఉండదు. మనది అనుకున్న డేటా, మన మీద ఆధారపడ్డ మనిషి ఉన్నప్పుడే ఈ పని వంటబడుతుంది. మీ ఇంట్లో వాళ్లమ్మ ఆ మొదటి మనిషి. రెండో మనిషి మీరు కావాలి.

మీ దుకాణంలో లెక్కలన్నీ టాలీలోనే ఉంటాయనుకుంటాను. మిర్చి, పత్తి రైతులకి సీజన్ ముందు అరువు ఇచ్చి, పంట చేతికొచ్చాక వసూలు చేసుకునే వ్యాపారం మీది. ఆ కంప్యూటర్ రేపు పొద్దున తెరుచుకోకపోతే ఎవరు ఎంత బాకీయో చెప్పగలరా? నాకు బాగా తెలిసిన ఒక హోల్‌సేల్ వ్యాపారి ఇంటి నుంచి లెక్కలు చూసుకోవడానికి రిమోట్ డెస్క్‌టాప్ పెట్టించుకున్నాడు. పెట్టినవాడు ఆ దారిని నేరుగా ఇంటర్నెట్‌కి తెరిచి వదిలేశాడు, పాస్‌వర్డ్ దుకాణం పేరే. ఒక సోమవారం పొద్దున ఫైళ్ల పేర్లన్నీ మారిపోయి, డబ్బు కడితే విడిపిస్తామన్న చీటీ స్క్రీన్ మీద ఉంది. బ్యాకప్ పెన్‌డ్రైవ్ ఉంది, కానీ అదే కంప్యూటర్‌కి ఎప్పుడూ గుచ్చే ఉండేది. అదీ పోయింది. రెండేళ్ల బిల్లులు కాగితాలు చూసి మళ్లీ ఎక్కించారు. ఇది చిన్నవాళ్లకే జరుగుతుందనుకోకండి. 2017 మేలో ఇలాగే ఫైళ్లకి తాళం వేసి డబ్బు అడిగే వనక్రై వైరస్ వచ్చినప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దాని బారిన పడ్డాయి.

కాబట్టి దుకాణం బ్యాకప్ పని మీ అబ్బాయికి అప్పగించండి. బాబుకి ఈ రెండు మాటలు చదివి వినిపించండి. దుకాణం కంప్యూటర్ వచ్చి సర్వర్‌లో రాసే ఏర్పాటు వద్దు. టాలీ మూసేశాక, సర్వరే వెళ్లి చదవడానికి మాత్రమే అనుమతి ఉన్న ఫోల్డర్ నుంచి కాపీ తెచ్చుకోవాలి. అప్పుడు దుకాణంలో వైరస్ పడినా దాని చెయ్యి బ్యాకప్ దాకా చేరదు. రెస్టిక్ అనే బ్యాకప్ సాఫ్ట్‌వేర్ వాడితే రోజువారీ పాత కాపీలు తక్కువ జాగాలో నిలుస్తాయి, నిన్నటిది పాడైతే మొన్నటిది తీసుకోవచ్చు. మూడు కాపీలు, రెండు రకాల డిస్కులు, ఒకటి వేరే చోట అన్న లెక్క తప్పకూడదు. ఇల్లు ఒకచోట, దుకాణం ఒకచోట ఉంటే ఆ మూడోది తేలిగ్గా కుదురుతుంది. రెండు డిస్కులు రెయిడ్‌లో, అంటే రెండింటిలోనూ ఒకేసారి అదే రాసేలా కట్టి దాన్నే బ్యాకప్ అనుకోవద్దని గట్టిగా చెప్పండి. పొరపాటున ఫైల్ తీసేస్తే రెండింటిలోనూ ఒకేసారి పోతుంది.

ఇంటికీ దుకాణానికీ మధ్య దారి, బయటివాళ్లు చూడలేని సొరంగం లాంటిది, వైర్‌గార్డ్ అనే సాఫ్ట్‌వేర్‌తో వేసుకోమనండి. రౌటర్‌లో పోర్టులు, అంటే బయటి నుంచి లోపలికి వచ్చే తలుపులు, తెరిచిపెట్టవద్దు. ఇంటి బ్రాడ్‌బ్యాండ్‌లో చాలావాటికి బయటి నుంచి నేరుగా చేరగల సొంత చిరునామా (పబ్లిక్ ఐపీ) ఉండదు కాబట్టి మామూలు పద్ధతి పనిచేయకపోవచ్చు. అప్పుడు టెయిల్‌స్కేల్ లాంటిది తేలిక. మెయిల్ సర్వర్ మాత్రం ఇంట్లో పెట్టొద్దు. అది పంపిన ఉత్తరాలు స్పామ్‌లో పడుతుంటే సరిచేయడానికే సెమిస్టర్ అయిపోతుంది. అప్‌టైమ్ కూమా పెట్టుకుంటే ఏది ఆగినా ఫోన్‌కి కబురు వస్తుంది. ఒక యూపీఎస్ కొనివ్వండి. ఎన్‌యూటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ బ్యాటరీ అయిపోయేలోపు సర్వర్‌ని పద్ధతిగా ఆపేస్తుంది. మీరు స్విచ్ కట్టేసినా సరే.

బాబు మీద కూడా నాకు ఒక కోపం ఉంది. ఇరవై సాఫ్ట్‌వేర్లు ఇన్‌స్టాల్ చేశానని ఇంటర్వ్యూలో చెప్తే ఎవరూ మెచ్చుకోరు. ఏం చెడిపోయింది, ఎలా కనిపెట్టావు, మళ్లీ చెడకుండా ఏం చేశావు, ఇవే అడుగుతారు. దానికి ఒక నోట్‌బుక్ రాయాలి, సెట్టింగులన్నీ ప్రతి మార్పునీ గుర్తుపెట్టుకునే గిట్‌లో పెట్టాలి, ఆ పాత కంప్యూటర్ కాలిపోయినా రాసిపెట్టిన సెట్టింగులని తనే వేసే ఆన్సిబుల్‌తో గంటలో మళ్లీ నిలబెట్టగలగాలి. రాత్రి 11కి పడుకోవాలి. బ్యాక్‌లాగ్ ఒక్కటి కూడా ఉండకూడదు. క్యాంపస్‌కి వచ్చే కంపెనీలు చాలావరకు ముందు మార్కులే చూస్తాయి, సర్వర్ సంగతి ఆ గడప దాటాకే.

పోలిక అడిగారు కదా. లైనక్స్ వైపు వెళ్తే రెడ్ హ్యాట్ అనే లైనక్స్ కంపెనీ వాళ్ల సర్టిఫికెట్ పరీక్ష ఆర్‌హెచ్‌సీఎస్ఏ ఉంది. అందులో నడుస్తున్న మెషీన్ ముందు కూర్చోబెట్టి పని చేయిస్తారు, మీ వాడికి సగం సిలబస్ ఇప్పటికే చేతిలో ఉంది. అమెజాన్ అసోసియేట్ లాంటి క్లౌడ్ పరీక్షలు జవాబు ఎంచుకునే తరహావి, చదివి రాయవచ్చు. రెండిటి చెల్లుబాటూ మూడేళ్లే. క్లౌడ్‌లో అద్దెకి తీసుకునే సర్వర్లలో ఎక్కువ శాతం లైనక్సే కాబట్టి ఇది ముందు నేర్చినవాడికి అది తర్వాత తేలిక. క్లౌడ్ కంపెనీల ఉచిత ఖాతాతో ఇంట్లోనే సాధన చేయవచ్చు. కార్డు ఇచ్చి ఖాతా తెరవగానే బిల్లు హెచ్చరిక పెట్టుకోమనండి, సర్వర్ ఆపడం మరిచిపోతే బిల్లు మీకే రావచ్చు. మొదటి ఉద్యోగం సిస్టమ్ అడ్మిన్ గానో, సపోర్ట్‌లోనో దొరకవచ్చు. జీతం చిన్నదిగా ఉంటుంది, నైట్ షిఫ్టులు ఉంటాయి. అక్కడ రెండేళ్లు నిజమైన సర్వర్లు చూశాక డెవాప్స్ వైపు వెళ్తే ఎవరూ అనుభవం అబద్ధమనరు.

నెలాఖరు గడువుని వదిలేయండి. ఆ సంస్థ వచ్చే నెల కూడా చేర్చుకుంటుంది. ఈ ఆదివారం దుకాణం మూశాక మీ అబ్బాయిని టాలీ కంప్యూటర్ దగ్గరికి తీసుకెళ్లండి. బ్యాకప్ పెట్టించండి. వారం తర్వాత వేరే కంప్యూటర్‌లో ఆ కాపీ తెరిచి, ఏదో ఒక రైతు ఖాతా మీ ముందే చూపించమనండి. బాకీ పైసాతో సహా కలిస్తే, ఆ 65 వేలలోంచి మినీ పీసీ, యూపీఎస్, ఒక కొత్త డిస్క్ కొనివ్వండి. కలవకపోతే తిట్టకండి, ఇంకో వారం టైమ్ ఇవ్వండి. ఏం జరిగిందో నాకు రాయండి, మీ అబ్బాయినే రాయమనండి.