యుద్ధాలకు మూలం మగవాళ్ల స్వభావమేనా?

"యుద్ధాలన్నీ మగవాళ్లు చేసినవే కదా, అది వాళ్ల పుట్టుకలోనే ఉందా? ఆడవాళ్లు పాలిస్తే యుద్ధాలు ఆగుతాయా?" అని అడిగారు. మా చిన్న మామయ్య వల్ల ఈ ప్రశ్న ఏళ్లుగా నాతోనే ఉంది.

1999 వేసవి, కార్గిల్ యుద్ధం రోజులు. మామయ్య సెలవు మీద గుంటూరు వచ్చి వారమైనా కాలేదు, వెంటనే రమ్మని కబురొచ్చింది. అప్పటికే పెళ్లి కుదిరింది. ఆ రాత్రి మేడ మీద పిల్లలందరి పక్కన పడుకున్నాడు గానీ కన్ను మూయలేదు. పొద్దున్నే "వెళ్లాలని లేదమ్మా" అన్నాడు అమ్మమ్మతో, గొంతు తగ్గించి. వరండాలో పేపర్ చదువుతున్న ఓ పెద్దాయన అది విని "గాజులు తొడుక్కుని కూర్చుంటావా ఏంటి?" అన్నాడు. మామయ్య మారు మాట్లాడకుండా లేచి బ్యాగు సర్దుకున్నాడు. స్టేషన్‌లో ఎవరూ ఏడవలేదు. ఇంటికొచ్చాక అమ్మమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని వంటింట్లో చాలాసేపు ఏడ్చింది.

మామయ్య క్షేమంగానే తిరిగొచ్చాడు. చాలా ఏళ్ల తర్వాత నాతో అన్నాడు: "తూటాల కంటే ఆ గాజుల మాటకే ఎక్కువ భయపడ్డానమ్మా."

ఇది మన ఊళ్ల సంగతే కాదు. 1914లో బ్రిటన్‌లో యూనిఫాం వేసుకోని యువకులు వీధిలో కనిపిస్తే ఆడవాళ్లు వాళ్ల చేతిలో తెల్ల ఈక పెట్టేవారు, పిరికివాడని గుర్తుగా. ఈ ప్రచారం మొదలుపెట్టింది నౌకాదళంలో పనిచేసి రిటైరైన ఓ అడ్మిరల్. ఈకలు పంచిన ఆడవాళ్లకు అప్పటికి ఓటు హక్కు కూడా లేదు. అదీ చాలక 1916లో నిర్బంధంగా సైన్యంలో చేర్చుకునే చట్టం తెచ్చారు. పోట్లాట మగవాడి రక్తంలోనే ఉంటే ఇంత అవమానం, ఇంత బలవంతం ఎందుకు? యుద్ధం మనిషి కనిపెట్టినదే గానీ పుట్టుకతో వచ్చింది కాదని అమెరికన్ మానవశాస్త్రవేత్త మార్గరెట్ మీడ్ 1940లోనే వాదించారు. నాకు ఆ మాటే నిజమనిపిస్తుంది.

రెండో ప్రశ్నకు జవాబు చరిత్రలోనే ఉంది. 1971లో ఇందిరా గాంధీ, 1982లో ఫాక్లాండ్స్ దీవుల విషయంలో బ్రిటన్ ప్రధాని మార్గరెట్ థాచర్ యుద్ధాలు నడిపారు. కుర్చీలో ఆడమనిషి ఉన్నంత మాత్రాన సరిహద్దుల తగాదాలు, అధికారం లెక్కలు మారిపోవు.

పల్నాటి కథలో తల్లి ఐతమ్మ బాలచంద్రుణ్ణి ఆపాలని చూస్తుంది, భార్య మాంచాల యుద్ధానికి సాగనంపుతుంది. మనం పాడుకునేది ఎక్కువగా మాంచాల గురించే. నా చిన్నప్పుడు అమ్మమ్మ కూడా ఆ ఘట్టం రాగం తీసి చెప్పేది. ఆ వేసవి తర్వాత ఎన్నిసార్లు అడిగినా మళ్లీ చెప్పలేదు.