లెదర్ టెక్నాలజీ చదువు, టానరీలో పెట్టుబడి

ప్రశ్న: మాది చిత్తూరు. మా అబ్బాయి ఇంటర్ ఎంపీసీ పూర్తిచేసి లెదర్ టెక్నాలజీ చదువుతానంటున్నాడు. తమిళనాడులోని రాణిపేటలో టానరీ (తోళ్లు శుద్ధిచేసే కర్మాగారం) ఉన్న మిత్రుడొకరు నన్ను 40 లక్షలతో భాగస్వామిగా చేరమంటున్నారు. రెండూ మంచివేనా?

జవాబు: అబ్బాయిని చదివించండి. పెట్టుబడి విషయంలో మాత్రం తొందరపడవద్దు.

టానరీని ముంచేది ఎక్కువగా నీరే. కిలో పచ్చితోలు శుద్ధికి 30 నుంచి 40 లీటర్ల నీరు పడుతుంది. ఉప్పు, సున్నం, సల్ఫైడు, క్రోమియం ఆ నీటిలోకే చేరతాయి. అక్కడి పాలారు నది పరిసరాల బావులు ఇలా చెడిపోయినందువల్లే సుప్రీంకోర్టు 1996లో, కాలుష్యానికి కారకులైనవారే ఆ నష్టాన్ని భరించాలని తీర్పు చెప్పింది. నేను అక్కడొక టానరీకి వెళ్లినప్పుడు, క్రోమియంతో పదునుచేసిన నీలిరంగు ‘వెట్ బ్లూ’ తోళ్లు ముందు గదిలో పొందికగా మడతపెట్టి ఉన్నాయి. వెనుక షెడ్డులో, వ్యర్థజలాన్ని ఆవిరి చేయగా మిగిలి, ఎక్కడికీ పంపలేని ఉప్పు మూటలు కప్పు దాకా పేరుకుపోయి ఉన్నాయి. ఆ మూటల ఖర్చు మీ మిత్రుని లెక్కల్లో ఉందో లేదో ముందు చూడండి.

బంగ్లాదేశ్ అనుభవమూ ఇదే. ఢాకాలోని హజారీబాగ్ టానరీలను 2017లో సావర్‌కు తరలించినా, అక్కడి ఉమ్మడి శుద్ధి కేంద్రం సరిగా పనిచేయకపోవడంతో చాలా టానరీలకు విదేశీ కొనుగోలుదారులు అడిగే, పర్యావరణ ప్రమాణాలు పాటించేవారికి ఇచ్చే లెదర్ వర్కింగ్ గ్రూప్ ధ్రువీకరణ దక్కలేదు. పశుసంపద, చౌక శ్రమ రెండూ ఉన్న దేశం తన తోళ్లను తక్కువ ధరకు అమ్ముకోవలసి రావడం బాధాకరం.

అయినా ఈ రంగంలో అవకాశం లేదనను. అసలు విలువ తోలును బూటుగా, సంచిగా మార్చిన తరువాత వస్తుంది. 2025 కేంద్ర బడ్జెట్‌లో వెట్ బ్లూ దిగుమతిపై సుంకం ఎత్తివేయడం కూడా అటువైపు అడుగే. మన తిరుపతి జిల్లా తడ దగ్గర అపాచీ సంస్థ అడిడాస్ బూట్లు తయారుచేస్తోంది. అయితే క్రీడా బూట్లలో తోలు వాడకం తగ్గి సింథటిక్ పెరుగుతున్నందున, అబ్బాయి తోలుతోపాటు పాదరక్షల తయారీనీ నేర్చుకోవాలి. ఎగుమతులపై మాత్రమే ఆధారపడిన యూనిట్లను 2025 ఆగస్టులో అమెరికా 50 శాతానికి పెంచిన సుంకం ఎలా వణికించిందో కూడా మీ మిత్రుని అడగండి.

చదువుకు చెన్నైలోని అన్నా విశ్వవిద్యాలయం బీటెక్ లెదర్ టెక్నాలజీ ఉంది. ఇతర రాష్ట్రాల విద్యార్థుల ప్రవేశ నిబంధనలు ముందే చూసుకోండి. డిజైన్ వైపు ఆసక్తి ఉంటే పాదరక్షల డిజైన్ నేర్పే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీడీఐ హైదరాబాద్ ప్రాంగణం ఉంది. దరఖాస్తుకు ముందు అబ్బాయిని రాణిపేట తీసుకెళ్లి, పచ్చితోళ్ల గోదాములోను, సున్నపు తొట్ల దగ్గరా ఒక పూట నిలబెట్టండి. ఆ వాసనలోనూ అతడు ప్రశ్నలు అడుగుతూ ఉంటే చేర్పించండి.