కాచుకోవడం గురించి

చిరంజీవి తమ్ముడికి,

నీ కథ రెండుసార్లు చదివాను. పొలం గట్టు మీద ముసలి గొర్రెల కాపరిపైకి ముగ్గురు కర్రలతో వచ్చే ఘట్టం బాగా కుదిరింది. కానీ ఒక మాట దగ్గర ఆగిపోయాను. "ముసలివాడు ఆ దాడిని సమర్థంగా తిప్పికొట్టాడు" అన్నావు. అది సరిహద్దు వార్తల్లో సైన్యానికి వాడే మాట. నీ ముసలివాడు ఎవర్నీ తిప్పికొట్టలేదు. నెత్తి మీదికి వచ్చిన దెబ్బను కర్రతో కాచుకున్నాడు.

తప్పుకుంటే ఒళ్లు కదులుతుంది, దెబ్బ గాలిలో పోతుంది. అడ్డుకుంటే ఎదుటివాడి చెయ్యే ఆగుతుంది. కాచుకుంటే మాత్రం దెబ్బ పడుతుంది. మనం ఒడ్డినచోట పడుతుంది: డాలు మీదో, కర్ర మీదో, ఏదీ లేకపోతే మోచేతి మీదో. చిన్నప్పుడు మా ఊళ్లో పీర్ల పండక్కి కర్రసాము దగ్గర నుంచి చూసేవాణ్ణి. కాచుకున్న ప్రతిసారీ కర్ర అదిరేది, ఆ అదురు భుజం దాకా పాకేది. నీ వాక్యంలో నాకు ఆ అదురు కావాలి.

కాచుకోవడం ఎంత పాత మాటో చూడు. పోతన గజేంద్రుడు "కావవే వరద" అని మొరపెట్టుకున్నది ఈ క్రియతోనే. కాపరి, కావలి ఈ ఇంటివే. (పాలు కాచడం వేరు. చలి కాచుకోవడంలో మాత్రం నా చెవికి రెండూ కలిసి వినిపిస్తాయి.) కొట్టబోయేవాడు "కాస్కో!" అని అరుస్తాడే, అదీ ఇదే. దెబ్బ వేసేవాడే కాచుకొమ్మని చెప్పడం నాకెంతో ఇష్టం. ఆ అరుపులో బెదిరింపు ఉంది, ఎదుటివాడికి ఇచ్చే రెప్పపాటు వ్యవధీ ఉంది. పొంచి కూర్చున్నవాడు కూడా కాచుకునే కూర్చుంటాడు కాబట్టి ఎవరు దేన్ని కాచుకున్నారో తేటగా రాయి.

ఇలాంటిదే ఇంకొకటి: నీ కథలోని పిల్ల దగ్గర మేనత్త పెళ్లి మాట ఎత్తినచోట "ఆమె ప్రశ్నను దాటవేసింది" అన్నావు. అది విలేకరుల సమావేశంలో మంత్రి చేసే పని. ఆ పిల్ల లేచివెళ్లి గిన్నె మూత తీసి మెతుకు పట్టి చూసిందని రాయి, చాలు.

కాపరి ఘట్టం తిరగరాసి పంపు. గొర్రెలు కాసే కర్రతోనే అతను దెబ్బ కాచుకున్నాడన్న సంగతి నీ కథలో అప్పుడే ఉంది, గమనించావో లేదో. దాని మీద వ్యాఖ్య ఏమీ చేయకు. దెబ్బ పడ్డచోట ఆ కర్ర ఏమైందో మాత్రం నాకు చెప్పు.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య